ఏడో అంతస్తు మీటరు

పారమట్టాలో మేము తుడిచే బిల్డింగులో ఏడో అంతస్తులో దెయ్యముందని పేరు. అద్దెకున్నవాళ్ళు ఎప్పుడో ఖాళీ చేశారు. ఒక్క మనిషి లేడు, ఒక్క కుర్చీ లేదు. అయినా రెండు నెలలుగా, రాత్రి పది దాటితే చాలు... దాని కరెంటు మీటరు తిరుగుతుంది.

ఇది నాకు లోసేలి అక్క చెప్పింది. టోంగా దీవుల మనిషి, భారీ ఒళ్ళు, నాతోపాటే తుడుస్తుంది. ఆమె చెప్పినట్టే రాస్తున్నా.

మా బిల్డింగులో రాత్రి పది తర్వాత వాడే కరెంటుకి అంతస్తుకో మీటరు. అన్నీ చూసుకునేది మేనేజరు బెవన్. వాడకం పెరిగితే, కరెంటు పొదుపుకి బిల్డింగుకిచ్చే నక్షత్రాలు తగ్గుతాయి, ఓనర్ల తిట్లు ఆయనకి పడతాయి. ఒకరోజు అక్కని పట్టుకున్నాడు.

"దెయ్యాలు కరెంటు వాడవు లోసేలీ. రాత్రిపూట ఏడులో తిరిగేది నువ్వే. హీటరు పెట్టుకుని కూర్చుంటున్నావు కదూ?"

"నన్ను చూడండి, నాకు హీటరు కావాలా? ఒంట్లోనే పొయ్యి ఉంది!"

"నవ్వకు. ఇంకొక్క రాత్రి మీటరు తిరిగిందా, నీకిక్కడ పని లేదు."

అక్క నవ్వు ఆగిపోయింది. ఆ జీతం మీదే ముగ్గురు మనవళ్ళు బతుకుతున్నారు.

ఆ రాత్రే ప్రార్థన చేసుకుని ఏడులోకి వెళ్ళింది. ఈ దేశంలో జూలై అంటే నడి చలికాలం. మనిషి అలికిడికి లైట్లు వాటంతటవే వెలిగాయి. మూల అల్మరా తెరిచి, మీటరు ముందు నిలబడింది.

పది దాటింది... అంకెలు కదల్లేదు...

ఉన్నట్టుండి — పరుగో పరుగు!

చుట్టూ ఎవరూ లేరు. గోడలోపల నీళ్ళ చప్పుడు... సన్నగా ఎవరో పాడుతున్నట్టు...

మీటరు పక్కనే 'ఏడు' అని రాసిన స్విచ్చి. కళ్ళు మూసుకుని కిందకి లాగేసింది.

మీటరు ఆగింది. కానీ — నెత్తిమీద లైట్లు ఆరలేదు!

పైనుంచి ఒకటే కేక.

తుడుపుకర్ర పట్టుకుని మెట్లెక్కింది. ఎనిమిదో అంతస్తంతా చీకటి. ఆ చీకట్లో... తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా... వణుక్కుంటూ ఏదో వస్తోంది.

"యేసయ్యా!" అని కర్ర ఎత్తింది.

"కొట్టకు... నేనే... బెవన్ని!"

ఒళ్ళంతా సబ్బు నురగ. నడుముకి తువ్వాలు. రెండు నెలల కింద పెళ్ళాం గెంటేసినప్పటినుంచీ ఎనిమిదిలో తన ఆఫీసు గదిలోనే కాపురమట. రోజూ రాత్రి పది దాటాక అక్కడే వేడినీళ్ళ స్నానం. ఆ కరెంటు తన అంతస్తు లెక్కలో కలిసిపోతుందనుకున్నాడు పాపం. మీటర్లు పెట్టినవాడు ఏడుకీ ఎనిమిదికీ తీగలు తారుమారు చేశాడని ఆయనకేం తెలుసు?

"ఎవరికీ చెప్పకు లోసేలీ."

"చెప్పను. మీటరు తిరగడం నా తప్పు కాదని రాసివ్వండి."

"పొద్దున రాస్తాను. ముందు స్విచ్చి వెయ్యి తల్లీ, నీళ్ళు మంచుగడ్డలు..."

"ఇప్పుడే రాయండి."

రాశాడు. అక్క ఫోను వెలుగులో నిదానంగా, రెండుసార్లు చదువుకుని... "సంతకమేదీ?" అందట.