పసుపు రంగు చెదిరిన నట్టు

ఉదయం 9.20. ఫ్లైఓవర్ దిగుతున్న టాక్సీ గోడకు గుద్దుకుంది. డ్రైవర్ అక్కడికక్కడే చనిపోయాడు. మీటర్‌లో 4,96,312 కిలోమీటర్లు.

ఇంజన్ లోపలి టైమింగ్ బెల్ట్ తెగింది. ఇంజన్ ఆగిపోయింది. దాంతో బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. అనుమానమంతా బెల్ట్ వేసిన మెకానిక్ మీదే.

ఆ మెకానిక్ చనిపోయినవాడికి సొంత అన్న.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ ముగ్గురిని ఆ మెకానిక్ షెడ్డుకే పిలిపించాడు: అన్నని, డ్రైవర్ భార్యని, టాక్సీ కంపెనీ మేనేజర్‌ని. నుజ్జయిన కారు లిఫ్ట్ మీద ఉంది.

"బావగారే చంపారు," అంది డ్రైవర్ భార్య. "పాత బెల్ట్ వేసి కొత్తదన్నారు. సొంత తమ్ముడికి కూడా!"

జైలంటే మెకానిక్‌కి బెంగ లేదు. తన చేతి పని వల్లే తమ్ముడు పోయాడా అన్న ఒక్క ప్రశ్న నాలుగు రోజులుగా అతన్ని తినేస్తోంది.

"బెల్ట్ ఎప్పుడు వేశారు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"4,71,000 దగ్గర. పుస్తకంలో రాసుకున్నాను సార్."

"ఎంత దూరం రావాలి?"

"అరవై వేలు. ఇది పాతిక వేలే తిరిగింది."

"ల్యాబ్ రిపోర్ట్ అలా అనడం లేదు. బెల్ట్ పూర్తిగా అరిగిపోయింది."

"విన్నారా?" అంది ఆమె.

"ఆగమ్మా. బెల్ట్ మీద తయారీ తేదీ అచ్చయి ఉంది. వేయడానికి రెండు నెలల ముందుది. అంటే కొత్తదే వేశారు." ఇన్‌స్పెక్టర్ మేనేజర్ వైపు తిరిగాడు. "మీ కంపెనీలో ఐదు లక్షల కిలోమీటర్లు దాటిన బండిని ఏం చేస్తారు?"

"డ్యూటీ ఇవ్వం సార్. నెలాఖరున మీటర్ చూస్తాం. రూల్ గోడ మీద అంటించాం కూడా."

ఇన్‌స్పెక్టర్ టార్చ్ తీసి కారు కింద నిలబడ్డాడు.

"బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు పెయింట్ గీత పెడతారు కదా మీరు?" అని మెకానిక్‌ని అడిగాడు.

"అవును సార్. నట్టు కదిలితే గీత చెదురుతుంది."

"అందరం ఇంజన్ దగ్గరి గీతలే చూశాం. ఒక్కటీ చెదరలేదు. ఇది ఎవరూ చూడలేదు."

గేర్‌బాక్స్ పక్కన మీటర్ కేబుల్ నట్టు. పెయింట్ రాలిపోయి ఉంది. స్పానర్ పడీ పడీ అంచులు మెరుస్తున్నాయి.

మెకానిక్ స్టూల్ మీద కూర్చుని తన పుస్తకం తెరిచి చూశాడు.

"అమ్మా, మీ ఆయన ఎప్పుడైనా బండి కింద దూరేవారా?"

"నెలకి రెండు మూడుసార్లు. స్పానర్ పట్టుకుని. బావగారి దగ్గరికి సర్వీసుకి వెళ్ళే ముందైతే తప్పకుండా. 'అన్నయ్యకి కనబడితే తిడతాడే' అనేవారు. ఏం కనబడితే అని నేను అడగలేదు..."

"మీటర్ తిరక్కుండా కేబుల్ విప్పేసి బండి నడిపేవాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. " మీటర్ చూసే రోజులకి మళ్ళీ తగిలించేవాడు. ఐదు లక్షలు దాటితే బండి పోతుంది, దాంతో బతుకుతెరువూ పోతుంది. మీటర్ పాతిక వేలు చూపిస్తే, బెల్ట్ అరవై వేలు దాటి ఎంతో తిరిగేసింది. హత్య లేదు. మీ పనిలో తప్పూ లేదు. కేసు మూసేస్తున్నాను."

డ్రైవర్ భార్య తలెత్తలేకపోయింది. "బావగారూ..." అని ఆగిపోయింది.

మెకానిక్ ఆమె మాట విన్నట్టు లేదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పోయిన నెల సర్వీసుకి తెచ్చినప్పుడు ఇంజన్ శబ్దం తేడాగా వినిపించింది సార్. బెల్టేమో అనిపించింది. మీటర్ చూశాను. ఇంకా బోలెడు ఉందిలే అనుకుని బెల్ట్ కవర్ విప్పి చూడలేదు."

ఇన్‌స్పెక్టర్ అడక్కుండా ఉండాల్సింది. అడిగాడు.

"కవర్ విప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు సార్."