ఎర్రవైపు తిరిగిన బిళ్ల

"తిప్పినవాళ్లు ఎవరైనా సరే, వదలొద్దు మేడమ్," అంది ఆ అమ్మాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిసంచీని రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడే మాట్లాడింది.

గుమాస్తా అప్పటికే పెన్సిలు చెక్కుకుని సిద్ధంగా ఉన్నాడు. పదకొండేళ్లుగా డిటెక్టివ్ మేడమ్‌కు కుడిచెయ్యి అతనే, కనీసం అతని లెక్కలో. కేసు తేలిన ప్రతిసారీ "శభాష్ మేడమ్" అనేవాడు. ఆ ఒక్క మాటకే జీతం పుచ్చుకుంటున్నావని ఆవిడ వేళాకోళమాడేది.

అమ్మాయి చెప్పిన సంగతి వింటుంటే గుమాస్తా వేళాకోళాలన్నీ మరిచిపోయాడు. ఆ విశ్వవిద్యాలయంలో ఆరు కాలేజీలు. దేని గేటు దానిది, దేని వంటశాల దానిది, దేని పట్టింపులు దానివి. తను చెరువుపక్క కాలేజీలో ఉంటుంది, తమ్ముడు కొండమీద కాలేజీలో. అమ్మానాన్నలు పోయాక వాణ్ణి పెంచింది తనే. కిందటి గురువారం వాడికి జ్వరమని తెలిసి మొదటిసారి ఆ కాలేజీకి వెళ్లింది. చెంచాతో మందు పట్టి, దుప్పటి కప్పి, ఏడు కాకముందే వచ్చేసింది. ఎనిమిదింటికి మెట్లకింద కరెంటు తీగలు అంటుకున్నాయి. అందరూ ముంగిట్లోకి పరుగెత్తారు. పైన ఎవరైనా ఉన్నారా అని అగ్నిమాపకదళం వాళ్లు అడిగితే, వార్డెను గేటు దగ్గర విద్యార్థుల పేర్ల బిళ్లలు వేలాడే పలక చూసి ఎవరూ లేరన్నాడు. తమ్ముడి బిళ్ల బయటికి వెళ్లినట్టు తిరిగి ఉంది. వాడు మూడో అంతస్తులో, పొగలో, నిద్రలోనే పోయాడు.

"నేను వచ్చేటప్పుడు బిళ్ల లోపలున్నట్టే ఉంది. లేకపోతే గదికి పాలు పంపరని సరిచూసుకొనే వచ్చాను," అంది. "నా తరవాత ఎవరో తిప్పారు. వాడి గదిలో ఉండేవాడే. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఘర్షణ పడ్డారట. వాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లారు కానీ రుజువు లేదంటున్నారు."

మర్నాడు మేడమ్, గుమాస్తా కొండమీద కాలేజీకి వెళ్లారు. గోడలకు ఇంకా మసి వాసన వస్తోంది. గేటు కాపలా ముసలాయనను అందరూ గేటు తాత అంటారు. పలక చూపించి, మనిషి లోపలుంటే బిళ్ల తెల్లవైపు, బయటికెళ్తే ఎర్రవైపు అని వివరించాడు. ఆరున్నరకు ఎర్రవి లెక్కపెట్టి పలకమీద రాయడం ఆయన అలవాటు. ఆ రోజు పద్నాలుగు. ఏడు దాకా ఒక్క విద్యార్థీ గేటు దాటలేదు. చూడటానికి వచ్చినవాళ్ల పుస్తకంలో మాత్రం ఆరూ నలభై అయిదుకు అక్క వెళ్లినట్టు ఉంది. గదిమిత్రుడు బయటికెళ్లింది ఏడుంపావుకు.

చనిపోయిన కుర్రాడి బిళ్లను తాత సొరుగులో దాచాడు. తీయగానే చీమలు బిలబిలమని బయటికొచ్చాయి.

"అన్నీ వదిలేసి దీన్నే పట్టుకున్నాయి పాడు చీమలు," అని విసుక్కున్నాడు తాత. మేడమ్ బిళ్లను వాసన చూసి రుమాలులో చుట్టుకుంది.

వంటశాలలో అందరూ పెద్దమ్మ అని పిలిచే వంటమనిషి కసురుగానే మాట్లాడింది. ఏడింటికి తను పలక చూసే వండుతుందట. ఆ రోజు ఎర్రవి పదిహేను, అంటే పదిహేనుమందికి భోజనం లేదు. జ్వరంవాడికి పాలు పంపమని ఎవరూ చెప్పలేదు, ఎర్రబిళ్ల వాడికి పాలెందుకు పోస్తాం అంది. ఆ వారం వడ్డన వంతు గదిమిత్రుడిదట. ఆరు నుంచి ఏడు దాకా తన కళ్లెదుటే కంచాలు తుడిచాడని ఒట్టు పెట్టింది.

తిరిగివస్తూ చెరువుపక్క కాలేజీ దగ్గర ఆగి అక్కకు కబురు పెట్టారు. ఆమె మెట్లు దిగివచ్చి, గేటు దగ్గర తన బిళ్లను చూడకుండానే తెల్లవైపుకు తిప్పి, వాళ్ల దగ్గరకు వచ్చింది. ఏమైనా తెలిసిందా అని అడిగింది. మేడమ్ ఆ బిళ్లవైపు ఒకసారి చూసింది. రేపు చెప్తానంది.

దారిలో గుమాస్తాకు విషయం వెలిగింది. వెలిగినందుకు జన్మలో మొదటిసారి బాధపడ్డాడు.

"మనం తేల్చలేకపోయామని చెప్పేస్తే పోదా మేడమ్?"

"స్టేషన్లో కూర్చున్నవాడికీ ఇంట్లో ఎవరో ఉంటారుగా," అంది ఆవిడ.

మర్నాడు పొద్దున కొండమీద కాలేజీ భోజనశాలలో అందరూ పొడుగుబల్ల చుట్టూ కూర్చున్నారు. వార్డెను, తాత, పెద్దమ్మ, ఇన్‌స్పెక్టరు, అతని పక్కన నిద్రలేక కళ్లు గుంటలుపడ్డ గదిమిత్రుడు. ఎదురుగా అక్క. ఆమె చూపు ఆ కుర్రాడిమీదనుంచి కదలలేదు.

"ఆరున్నరకు పద్నాలుగు, ఏడింటికి పదిహేను," అని మొదలుపెట్టింది మేడమ్. "ఆ అరగంటలోనే బిళ్ల తిరిగింది. అప్పుడు ఈ అబ్బాయి వంటశాలలో ఉన్నాడు. తిప్పిన వేలికి తియ్యటి మందు అంటుకుని ఉంది. అందుకే ఆ బిళ్లకే చీమలు పట్టాయి." ఆవిడ గొంతు తగ్గింది. "అమ్మా, మీ కాలేజీలో లోపలుంటే బిళ్ల ఏ రంగు?"

"ఎరుపు," అంది అక్క వెంటనే.

"ఇక్కడ తెలుపు."

అక్క ముందు అర్థంకానట్టు చూసింది. తరవాత తన కుడిచేతి వైపు చూసుకుంది. ఆ చూపు గుమాస్తా భరించలేకపోయాడు.

"తెల్లగా ఉంది," అంది ఆమె, ఎవరికో కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు. "తిప్పుకోవడం మరిచాడు, పాలు రావు అనుకున్నాను. నేనే తిప్పాను."

వార్డెను నిట్టూర్చి, అయితే ఇందులో కాలేజీ తప్పేమీ లేనట్టే కదా అన్నాడు. మేడమ్‌కు కోపం వచ్చింది. బిళ్ల చూసే తీరిక ఉన్న పెద్దమనిషికి ఆ కుర్రాణ్ణి పేరుపెట్టి ఒక్కసారి పిలిచే తీరిక లేకపోయిందా అని అడిగింది. ఆ తీగలు పాడయ్యాయని తాత ముందే వార్డెనుకు మూడుసార్లు మొరపెట్టుకున్న సంగతీ ఇన్‌స్పెక్టరుకు అప్పుడే చెప్పింది. వార్డెను తల దించుకున్నాడు.

అవేవీ అక్కకు వినపడినట్టు లేదు. లేచి గదిమిత్రుడి దగ్గరకు వెళ్లింది. "నిన్ను చంపెయ్యాలనుకున్నాను నాయనా," అని అతని తల నిమిరింది. ఆ కుర్రాడు బావురుమన్నాడు. ఆమె ఏడవలేదు. గుమాస్తా వైపు తిరిగింది.

"ఎవరైనా సరే అన్నాను కదండీ. రాసుకోండి."

గుమాస్తా పెన్సిలు పట్టుకున్నాడు కానీ రాయలేదు. ఆమె మేడమ్ రుమాలులోంచి తమ్ముడి బిళ్ల తీసుకుని గేటు దాకా నడిచింది. అందరూ వెనకాలే వెళ్లారు. ఖాళీ మేకుకు బిళ్ల తగిలించి, ఎటువైపు పెట్టాలో తాతను అడిగి మరీ, తెల్లవైపు తిప్పింది.

"లోపలే ఉన్నాడు తాతా," అంది. "ఈసారి సరిగ్గా చూసుకో."

తిరుగుప్రయాణంలో గుమాస్తా శభాష్ అనలేదు. మేడమ్ కూడా ఆ మాట కోసం ఎదురుచూడలేదు.