ఆకాశానికి గ్యారంటీ

"మీ అక్కగారింటికి వెళ్ళి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు హెడ్మాస్టర్.

"రెండేళ్ళు."

"కారణం?"

"మా బావ నన్ను పనికిమాలినవాడన్నాడు."

"ఆయన పొరబడ్డాడని నేనూ అనను. ఇవాళ పదకొండింటికి వాళ్ళింటికి వెళ్తున్నావు."

కళ్ళజోళ్ళ దుకాణం మీద ఉన్న ఆ గదికి బోర్డు లేదు. హెడ్మాస్టర్ ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. మాట్లాడేటప్పుడు స్కేలుతో బల్ల మీద కొట్టే అలవాటు వల్ల సీక్రెట్ సర్వీస్‌లో ఆ పేరు స్థిరపడింది. ఎదురుగా నిలబడినవాడి మారుపేరు రుజువు. పై అధికారి చెప్పినా, పత్రికలో వచ్చినా, పదిమంది కళ్ళారా చూశామన్నా "రుజువేమిటి?" అని అడగడం అతని జబ్బు. ఆ జబ్బు వల్ల అతనికి ప్రమోషన్లు రాలేదు. ప్రాణం మాత్రం నాలుగుసార్లు దక్కింది.

హెడ్మాస్టర్ ఒక రంగుల కరపత్రాన్ని స్కేలుతో ముందుకు తోశాడు. మంచు, పైన్ చెట్లు, వాటి మీద తెరలా వేలాడే ఆకుపచ్చని వెలుగు. కింద పెద్ద అక్షరాలు: "ఫిబ్రవరి 17 రాత్రి ఉత్తర కాంతులు. గ్యారంటీ!"

రుజువు నవ్వాడు. "ఆకాశానికి గ్యారంటీ ఇచ్చేవాడెవడండీ? సూర్యుడి మీద పేలుడు జరిగాక దాని ప్రభావం ఇక్కడికి చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. బలమైన తుఫాను ఫలానా రాత్రే వస్తుందని రెండు నెలల ముందు చెప్పాడంటే వాడు జ్యోతిష్కుడైనా కావాలి, నేరస్థుడైనా కావాలి."

"ఈ కంపెనీ జాతకాలు చూడదు."

హెడ్మాస్టర్ చెప్పడం మొదలుపెట్టాడు. రుజువు బావ జాతీయ విద్యుత్ గ్రిడ్ కంట్రోల్ సెంటర్లో చీఫ్ ఇంజనీరు. అక్కడి మాస్టర్ రూమ్ తలుపుకు తాళంచెవి లేదు. ఆయన వేళ్ళూ ఆయన కళ్ళే తాళంచెవి. అక్కగారికి లక్కీ డ్రాలో ఈ యాత్ర తగిలింది. వీసా పేరుతో ట్రావెల్ కంపెనీవాళ్ళు ఇంటికే స్కానర్ తెస్తున్నారు. ఫిబ్రవరి పదిహేడున చీఫ్ ఇంజనీరు ఎక్కడో ఉత్తరాన మంచులో నిలబడి మెడ ఎత్తి చూస్తుండగా, ఆయన వేళ్ళ కాపీలతో ఇక్కడ తలుపు తెరుచుకుంటుంది. దేశం మొత్తం చీకటి. ఆసుపత్రుల్లో ఆపరేషన్ బల్లల మీద ఉన్నవాళ్ళూ, సొరంగాల్లో రైళ్ళలో ఉన్నవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడే.

"పొద్దున్నే సౌర తుఫాను వల్ల జరిగిందంటారు. ఆ తేదీన తుఫాను వస్తుందని పుకార్లు ఇప్పటికే వదిలారు. ఈ కరపత్రం అందులో ఒకటి. జనం నమ్ముతారు."

"జనానికి అంత కష్టపడి అబద్ధం చెప్పనక్కర్లేదు. వాళ్ళని ఇప్పుడే పట్టుకోవచ్చుగా?"

స్కేలు బల్ల మీద పడింది. "గ్రిడ్‌లో వాళ్ళ మనిషి ఒకడున్నాడు. కాపీలు ఎవడికి చేరతాయో తెలియాలి. కాబట్టి మెషీన్ ఆన్ కావాలి. గమ్యం బయటపడాలి. వేలిముద్ర మాత్రం గడప దాటకూడదు. మెషీన్లో మెమరీ కార్డు ఉంటుంది. దాన్ని మార్చడానికి మన మనిషి నెమలి, ట్రావెల్ కన్సల్టెంటుగా వస్తోంది. ఏడేళ్ళు ఆ కాంతులు కనబడే ఉత్తర ధ్రువం దగ్గరి నగరంలోనే ఉండి ఆ ముఠాలో చేరింది."

"ఫొటో?"

"లేదు. మూడు రోజులుగా కబురు కూడా లేదు. పట్టుబడిందేమో, ఆ పేరుతో ఇంకెవరైనా వస్తున్నారేమో. లేదా వాళ్ళవైపే తిరిగిందేమో. సంకేతం చెప్తాను. 'ఒక స్వెటరు చాలా?' అని అడుగు. 'రెండు, లోపలిది ఊలుది' అనాలి."

"మనిషి దొరికితే సంకేతమూ దొరుకుతుంది. అది రుజువు కాదు."

"వెతుక్కో మరి. ఇదిగో, జామర్ పెన్ను. నొక్కితే తొంభై సెకన్లపాటు ఏ సిగ్నలూ బయటికి పోదు."

మెట్లు దిగుతూ రుజువు పెన్ను నొక్కి, ఇంకో చేతిలోని ఫోన్ చూశాడు. సిగ్నల్ గీతలు చెక్కుచెదరలేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూఁ. కనీసం ఏదైనా రాద్దామని చూశాడు. ఇంకు కూడా లేదు.

*

తలుపు తీసిన అక్క అతన్ని చూసి పక్కకి తప్పుకోలేదు.

"ఎవరైనా పోయారా?"

"లేదక్కా. ఊరికే చూసిపోదామని."

"రెండేళ్ళుగా రాని ప్రేమ ఇవాళే పొంగిందా? సరే, చెప్పులు బయట విప్పు. లోపల మనుషులున్నారు."

భోజనాల బల్ల నిండా మ్యాపులు. ఒక పక్క ముదురు నీలం కోటు వేసుకున్న స్త్రీ కూర్చుని ఉంది. ఆమె అందం గదిలోని సోఫానీ, కర్టెన్లనీ, బావగారి బట్టతలనీ మరింత పాతవిగా చూపిస్తోంది. పలచని సెంటు వాసన. ఆమె వెనక నిలబడ్డ టెక్నీషియన్ తలుపంత వెడల్పున్నాడు. నవ్వినట్టు ఏ గుర్తూ లేని ముఖం, చెవిలో చిన్న తీగ. అతని చేతిలో ఇటుక సైజు నల్లని స్కానర్.

"ఏవోయ్ ఇన్సూరెన్సూ!" అన్నాడు బావ, కూర్చోమనకుండానే. లోకానికి రుజువు ఒక బీమా సర్వేయరు. "ఎవరి కారుకి సొట్ట పడిందో చూడ్డానికొచ్చావా?"

"మీరు యాత్రకెళ్తున్నారని తెలిసి వచ్చాను బావగారూ."

"అందులో నీ చెయ్యేం లేదు. మా డిప్యూటీ ఉన్నాడే, మనిషంటే వాడు! డ్రా కూపన్ తెచ్చి మీ అక్క చేతిలో పెట్టింది వాడే. నువ్వు మీ అక్కకి ఇన్నేళ్ళలో ఏమిచ్చావు?"

"ఇవ్వకపోగా పాడుచేశాడు," అంది అక్క. "చిన్నప్పుడు కేలండర్లో ఈ వెలుగు బొమ్మ చూసి నేను మురిసిపోతుంటే, ఆక్సిజన్‌కి దెబ్బ తగిలితే అలాగే వెలుగుతుంది, అందులో మాయేం లేదన్నాడు. పదేళ్ళు కూడా నిండలేదు వెధవకి!"

"అది నిజమేగా అక్కా."

"నిజమని నేనడిగానా?"

డిప్యూటీ పేరు రుజువు మనసులో ఒక మూల కూర్చుంది. అయితే అనుమానాన్ని రుజువుగా చెలామణీ చేయడం అతనికి చేతకాదు.

బావ పాస్‌పోర్టుల కోసం లోపలికి వెళ్ళాడు. రుజువు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అంత చలిలో ఒక స్వెటరు చాలా అండీ?"

"రెండు వేసుకోవాలి సార్. లోపలిది ఊలుది." తడుముకోకుండా వచ్చింది జవాబు. చిలక పలికినా ఇలాగే పలుకుతుంది.

"మీరెప్పుడైనా చూశారా ఆ కాంతులు?"

"చాలాసార్లు."

"మొదటిసారి ఏమనిపించింది? ఇదిగో, ఈ కరపత్రంలోలాగా పచ్చగా ధగధగలాడిందా?"

టెక్నీషియన్ చూపు ఆమె మెడ మీదికి దిగింది. ఆమె కరపత్రాన్ని పక్కకి జరిపింది.

"లేదు సార్. బూడిదరంగు మేఘమనుకున్నాను. వానొస్తుందేమోనని గొడుగు కూడా తీశాను. పక్కనెవరో కెమెరాలో తీసి చూపిస్తే అప్పుడు పచ్చగా కనబడింది."

రుజువు లోలోపల తల ఊపాడు. వెలుగు మసకగా ఉన్నప్పుడు మనిషి కంటికి రంగు తెలియదు; కెమెరాకు తెలుస్తుంది. ఫొటోలు చూసి కథ అల్లేవాళ్ళు పచ్చదనం దగ్గర మొదలుపెడతారు. గొడుగు దగ్గర మొదలుపెట్టింది కాబట్టి ఈమె అక్కడ నిలబడి ఆకాశం చూసిన మనిషి.

"అమ్మో, నాకసలే చలి పడదు," అంది అక్క.

"అయితే ఇంకోసారి జూన్‌లో రండి మేడమ్," అంది ఆమె, రుజువు కళ్ళలోకి సూటిగా చూస్తూ. "చలి ఉండదు. రాత్రిళ్ళు కాంతులు ఇంకా బాగా కనిపిస్తాయి."

రుజువు చేతిలోని మంచినీళ్ళ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

అంత ఉత్తరాన జూన్‌లో చీకటి పడదు. చీకటే పడని ఆకాశంలో కాంతులు కనబడవు. అక్కడ ఏడు రోజులున్నవాళ్ళు కూడా చేయని పొరపాటును ఏడేళ్ళున్న మనిషి చేసింది. ఆమె అక్కడ ఉన్న మాట నిజం. గొడుగు అందుకు సాక్ష్యం. తెలిసిన మనిషి తెలిసి తప్పు చెప్పిందంటే అది తప్పు కాదు, కబురు. వెనకాల వీడు వింటున్నాడు, మనం అనుకున్న పద్ధతి మారిపోయింది అని చెప్తోంది.

ఏమి మారింది? ఆమె వేలిగోరు స్కానర్ పక్కన రెండుసార్లు తట్టింది. మెమరీ కార్డు ఉండాల్సిన చోట ప్లాస్టిక్ బిళ్ళ అతికించి ఉంది. దాని పైన చిన్న దీపం మిణుకుమిణుకుమంటోంది. కార్డు లేదు. మార్చడానికేమీ లేదు. మెషీన్ నేరుగా గాలిలోకే పంపుతుంది.

బావ పాస్‌పోర్టులతో వచ్చి కూర్చున్నాడు.

"సార్, వేళ్ళు," అన్నాడు టెక్నీషియన్. అతను నోరు విప్పడం అదే మొదలు.

"బావగారూ, కాసేపాగి..."

"నువ్వు నోర్మూసుకోవోయ్!" అంటూ చీఫ్ ఇంజనీరు పది వేళ్ళూ అద్దం మీద ఆనించాడు. తరవాత కళ్ళు. స్కానర్ తెర మీద కాపీలు చేరాల్సిన నంబరు వెలిగింది: 4417. దాని కింద సన్నని గీత నిండడం మొదలైంది. ఇరవై శాతం. ముప్ఫై.

రుజువు గదంతా కళ్ళతో గాలించాడు. కిటికీ పక్కన కుట్టుమిషను. దాని మీద పాత బిస్కెట్ల రేకు డబ్బా. చిన్నప్పటినుంచీ అతనికి తెలిసిన డబ్బా అది. మూత ఎంత బిగువంటే, బిస్కెట్లకోసం దాన్ని తీయబోయి గోళ్ళు విరగ్గొట్టుకున్న రోజులున్నాయి. రేకు మీద రేకు, సిగ్నల్ దూరడానికి ఎక్కడా సందు లేదు.

ఒక్క అంగలో వెళ్ళి డబ్బా తీసి బోర్లించాడు. గుండీలు, సూదులు, దారపుండలు గదంతా దొర్లాయి.

"ఒరేయ్, నా గుండీలురా!" అని కేక పెట్టింది అక్క.

తొంభై ఒకటి. టెక్నీషియన్ చేయి కోటు లోపలికి పోయింది. నెమలి ఒక్కసారిగా వెనక్కి తిరిగి సెంటు సీసా అతని కళ్ళలోకి కొట్టింది. అది సెంటు కాదని అతని అరుపు చెప్పింది. పిస్తోలు బల్ల కిందికి జారింది. గుడ్డిగా ముందుకు ఉరికినవాడు గుండీల మీద కాలువేసి, మ్యాపులతో సహా నేల కూలాడు. తొంభై ఏడు. రుజువు స్కానర్‌ను లాక్కుని డబ్బాలో పడేసి, మూత పెట్టి, దాని మీద ఎక్కి కూర్చున్నాడు.

డబ్బాలోంచి ఒక కీచు శబ్దం వచ్చి ఆగిపోయింది.

టెక్నీషియన్ చేతులు వాడి బెల్టుతోనే కట్టేశాక, రుజువు మూత రవ్వంత ఎత్తి, సందులోంచి చూసి, చటుక్కున మూసేశాడు. తొంభై తొమ్మిది దగ్గర గీత చచ్చిపోయి ఉంది. ఒక్క శాతం తక్కువైనా ఆ ఫైలు తెరుచుకోదు.

"పెన్ను ఇవ్వలేదా నీకు?" అంది నెమలి ఆయాసపడుతూ.

"ఇచ్చారు. పనిచేయదు. మెట్ల మీదే పరీక్షించాను."

"బతికించావు. జూన్ అంటే అర్థమవుతుందో లేదోనని వణికిపోయాను. మీ హెడ్మాస్టర్ ఎవడో మూర్ఖుణ్ణి పంపుతాడనుకున్నా."

"ఆయన కూడా అలా అనుకునే పంపాడు."

"అసలేమిటిదంతా?" అని గర్జించాడు బావ. "ఎవడోయ్ నువ్వు?"

"మీ ఆఫీసులో 4417 ఎవరి నంబరు బావగారూ?"

చీఫ్ ఇంజనీరు జవాబు చెప్పబోయాడు. ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది. "మా... డిప్యూటీ," అన్నాడు చివరికి.

"మనిషంటే వాడు," అన్నాడు రుజువు, ఫోన్ తీసి హెడ్మాస్టర్‌కు ఆ నంబరు చెబుతూ.

నెమలి అప్పటికే కోటు గుండీలు పెట్టుకుంటోంది. "కింద కారులో ఇంకొకడున్నాడు. నేను తప్పించుకున్నట్టు వాడు నమ్మాలి. ముఖం మీద దెబ్బ లేకపోతే నమ్మడు. కొట్టు."

రుజువు చేయి ఎత్తాడు, దించాడు. "నావల్ల కాదు."

"నేను కొట్టనా?" అంది అక్క. సమాధానం కోసం ఆమె ఆగలేదు. ఆ చప్పుడుకు పక్క ఫ్లాట్ తలుపు తెరుచుకుంది. "లక్కీ డ్రా అని ఫోన్‌లో తియ్యగా చెప్పింది నువ్వేగా!" అంది అక్క.

నెమలి చెంప పట్టుకుని, కళ్ళలో నీళ్ళతోనే నవ్వి, మెట్లకేసి పరుగెత్తింది. ఐదు వేళ్ళూ స్పష్టంగా పడ్డాయి. అంతకన్నా నమ్మదగిన వేలిముద్రలు ఆ రోజు ఆ ఇంట్లోంచి బయటికి పోలేదు.

అక్క నేల మీద కూర్చుని గుండీలు ఏరసాగింది. రుజువు కూడా పక్కన కూర్చున్నాడు. ఆమె, తల ఎత్తకుండానే, "అయితే నేనిక ఆ వెలుగు చూడనన్నమాట," అంది.

అతను పోరాడిన ముఠాల్లో ఏదీ అతన్ని అంత గట్టిగా కొట్టలేదు.

"చూద్దువుగాని. మార్చిలో. మంచి కంపెనీ నేను వెతుకుతాను."

"మంచిదని రుజువేమిటి?" అన్నాడు బావ గొంతు సవరించుకుని. రెండేళ్ళలో ఆయన బావమరిదితో వెటకారం లేకుండా అన్న మొదటి మాట అది. ఆ మాటలో వెటకారం లేదని రుజువు కచ్చితంగా చెప్పలేడు.

రుజువు ఎంచిన కంపెనీ దరఖాస్తులో మొదటి వాక్యమే ఇది: "కాంతులు కనబడతాయని మేము హామీ ఇవ్వలేము." అక్కా బావా మార్చిలో వెళ్ళారు. ఎనిమిది రాత్రులు మంచులో నిలబడ్డారు. తిరిగొచ్చే ముందు అక్క ఒక ఫొటో పంపింది: ఆకాశం నిండా బూడిదరంగు. కింద ఒక్క ముక్క రాసింది. "కెమెరాలో కూడా చూశాంరా. మేఘమే."

గ్యారంటీ ఇవ్వని కంపెనీ మాట నిలబెట్టుకుంది.