భయపడితే వెలిగే గొట్టం

ఆ పాత కాలేజీ నేలమాళిగలో, మూతపడ్డ ప్రయోగశాల ముందు ఒక నడవా ఉంది. దానికి మంచి పేరు లేదు. లోపల ఎవరో మసులుతుంటారనీ, చీకటి పడ్డాక అటు పోకూడదనీ చెప్పుకుంటారు. పట్టపగలు కూడా గబగబా దాటేసేవాళ్లే ఎక్కువ.

ఆ కాలేజీలోనే గాజుపని చేసే బావకి ఈ కబుర్లంటే నవ్వు. పైకి మాత్రమే లెండి... లోపలున్నది పిల్లి గుండె.

ఆయన మరదలు సైన్సు చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. గాలి బరువు కొలిచే పాదరసపు గొట్టాన్ని రాత్రిపూట మోసుకెళ్తుంటే, దాని పైభాగంలో వెలుగు కనబడిందని వెనకటికెవరో రాసిపెట్టారు. అది నిజమని ఆమె పట్టు. అచ్చం అలాంటి గొట్టమే బావ చేసిచ్చాడు. దీపాలార్పి ఎన్నిసార్లు చూసినా వెలిగితే ఒట్టు! రేపు పరీక్షకులు వస్తున్నారు. వెలక్కపోతే ఆమె చదువంతా బూడిదలో పోసిన పన్నీరే.

"కాస్త కదిపి చూద్దామా బావా?"

"చెయ్యి పెట్టావో, మీ అక్కతో చెప్తాను!"

నిండుకుండ మోసినా చుక్క తొణకనివ్వనని ఆయనకి గర్వం మరి.

ఆ రాత్రి గొట్టాన్ని నేలమాళిగలోని తన పనిగది నుంచి పై హాల్లోకి చేర్చాలి. దారి ఒక్కటే — ఆ నడవా. సగం దాటాడో లేదో, కరెంటు పోయింది.

టక్...

ఆగాడు. ఎవరో గోటితో గాజుని మీటినట్టు... చేతులు వణికాయి.

టక్... టక్... టక్...

ప్రయోగశాల తలుపు అద్దంలో — నీలంగా ఒక ముఖం! నోరు తెరిచి, గుడ్లు తేలేసి...

పరుగో పరుగు! వెలుగు కూడా పక్కనే పరుగెత్తుకొస్తోంది. గొట్టాన్ని మాత్రం చంటిపిల్లలా గుండెకి హత్తుకున్నాడు.

మెట్ల మీంచి మరదలు కేక పెట్టింది.

"ఆగకు బావా! ఇంకాస్త భయపడు!"

వెలుగుతున్నది గొట్టమే! పాదరసం ఎగిరి గాజుకి రాసుకుంటేనే ఆ వెలుగు. టక్కుమన్నదీ అదే. అద్దంలో ముఖం సాక్షాత్తూ బావగారిదే. ఇన్నాళ్లూ కదలకుండా పట్టుకుని, చేజేతులా ఆయనే వెలగనివ్వలేదు. బావకి సిగ్గేసింది. కానీ మరదలి చదువు గట్టెక్కిందని అంతకంటే ఎక్కువ సంతోషం వేసింది.

మర్నాడు పరీక్షకుల్ని ఆ నడవాలోకే తీసుకొచ్చారు. పగలైనా చిమ్మచీకటి దొరికేది అక్కడే. బావ గొట్టం అడుగు పట్టుకుని నిలబడ్డాడు. మరదలు దీపం ఆర్పి వచ్చి, పై కొస పట్టుకుని ఊపాలి.

దీపం ఆరింది. గొట్టం భగ్గున వెలిగింది! పరీక్షకులు చప్పట్లు కొట్టారు.

"ఇక చాల్లేవే..." బావ గుసగుసలాడాడు. "అంత గట్టిగా ఊపకు, పగులుతుంది."

నడవా ఆ చివర్నుంచి మరదలి గొంతు వినిపించింది —

"నేనింకా స్విచ్చి దగ్గరే ఉన్నాను బావా..."