నాలుగో దోసెడు

వడమాలపేటలో ఎవరినైనా అడగండి, మొండి మోరీ దగ్గర రాత్రిపూట ఒంటరిగా ఆగొద్దనే చెబుతారు. పగలు చూస్తే అక్కడేమీ లేదు. వంక మీద కట్టిన పాత మోరీ. ఒకవైపు పిట్టగోడ కూలిపోయింది, రెండోవైపు గోడ మీద మేకలు పడుకుని నెమరు వేస్తుంటాయి. అంతే. కానీ ఊరి పొలిమేర ఆ మోరీయే. పొద్దు గూకిందంటే పాలు పోసేవాళ్లు కూడా సైకిలు దిగకుండా, బెల్లు కొట్టుకుంటూ దాటేస్తారు.

దెయ్యం కనిపిస్తుందా అంటే... కనిపించదు. అదే చిత్రం. అడుగుతుందట — "నన్నూ పిలువప్పా..." అని.

ఆ అడగడం వెనక ఒక పద్ధతి ఉంది. ఏటా ఎండాకాలంలో, గంగమ్మ జాతరకు వారం ముందు ఊళ్లో చాటింపు వేస్తారు. వేసే ముందు ఊరి పనులు చూసే వెట్టి ఇంటింటికీ వచ్చి, తలకొక దోసెడు బియ్యం గంపలో పోయించుకుంటాడు. దోసెడు పడిందంటే ఆ మనిషి ఊరి మనిషి. జాతర అయ్యేదాకా ప్రతి రాత్రీ పొలిమేర లోపలే పడుకోవాలి. ఎవరైనా రాలేదంటే, ఆ ఇంటి ఆడమనిషి మోరీ దాకా పోయి, పేరు పెట్టి మూడుసార్లు పిలిచి, ఇంటికి తీసుకురావాలి. దారిలో వెనక్కి చూడకూడదు, మాట్లాడకూడదు.

ఎప్పుడో బెల్లం బండ్ల కాలంలో, దోసెడు పోసిన ఒకాయన పక్క ఊళ్లో గుండె ఆగి పోయాడట. ఇంటామె ఏడుస్తూ కూర్చుండిపోయింది కానీ మోరీ దాకా రాలేదు. మనిషే పోయాక ఇంక పిలిచేదేముంది అనుకుంది పాపం. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడంటారు. దారిన పోయే ప్రతి ఒక్కరినీ అడుగుతాడంటారు.

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. ధనంజయ కూడా నమ్మలేదు.

ఇది ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది సంగతి. ధనంజయ తిరుపతిలో ఒక అచ్చాపీసులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పెళ్లిపత్రికలు కూర్చడం అతని పని. వడమాలపేటకు కాపురం వచ్చి అప్పటికి ఏడు నెలలు. ఆ ఊరిని అతను ఎంచుకున్న తీరు వింటే మీకు నవ్వొస్తుంది. పిల్లనిచ్చే మామ కూడా అల్లుడి గురించి అన్ని ఆరాలు తీయడు. ఆదివారం వస్తే చాలు, సైకిలేసుకుని రేణిగుంట చూశాడు, చంద్రగిరి చూశాడు, పుత్తూరు చూశాడు. ప్రతి ఊళ్లోనూ ముందు బావి నీళ్లు చేదించుకుని తాగాడు. మురుగు ఎటు పారుతోందో వీధి చివరిదాకా నడిచి చూశాడు. బడి, ఆసుపత్రి, పట్నానికి బస్సు — అవన్నీ ఆ తర్వాతే.

కారణం వింటే మాత్రం ఆ నవ్వు ఆగిపోతుంది. తిరుపతిలో వాళ్లు ఉన్న సందులో కిందటి ఎండాకాలం కొళాయి నీళ్లలో మురుగు కలిసింది. వాంతులు, బేదులు. నాలుగేళ్ల కొడుకు గంగాధరం రెండు రోజుల్లో పోయాడు. వాణ్ణి పూడ్చిపెట్టి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే ధనంజయ అన్నాడు — "ఈ పట్నంలో ఇంక బిడ్డల్ని పెంచలేము."

భార్య పంకజాక్షి అవుననలేదు, కాదనలేదు. ఊరు కుదిరిందని చెప్పిన రోజు సామాన్లు సర్దింది. ఆరేళ్ల కూతురు యశోదను ఒళ్లో కూర్చోబెట్టుకుని, లారీలో వచ్చేసింది.

వచ్చినప్పట్నుంచీ ఆమె నోరు విప్పలేదు. అలక కాదు, ఏడుపూ కాదు. వండేది, పెట్టేది, పాపకు జడలు వేసేది, అడిగితే తలూపేది. ధనంజయ కూడా ఆమెకంటే బాగున్నాడని చెప్పలేం. అతనికి ఒక్కనాడూ కన్నీళ్లు రాలేదు. చేతులు అక్షరాలు ఏరేవి, కాళ్లు బస్సెక్కేవి, నోరు అన్నం తినేది. ఉప్పు తక్కువైనా తెలిసేది కాదు. కొడుకు పేరు ఆ ఇంట్లో ఇద్దరిలో ఎవరూ ఒక్కసారి కూడా పలకలేదు. ఇల్లు అద్దెకిచ్చిన రుక్మిణమ్మకు కూడా, వీళ్లకొక కొడుకు ఉండేవాడని తెలియదు.

నీళ్లు మంచివే. గాలీ మంచిదే. పాప రెండు నెలల్లోనే ఒళ్లు చేసింది. కానీ పంకజాక్షి మారలేదు. ఈ ఊరు ఆమెను మళ్లీ మనిషిని చేస్తుందన్న ఆశ ఒక్కటే అతనికి ఉండేది, అదీ అడుగంటింది. అచ్చాపీసు మేడ మీద గది ఖాళీగా ఉందని యజమాని చెబితే సరేనన్నాడు. జాతర కాగానే ఖాళీ చేస్తామని రుక్మిణమ్మకూ చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే చాటింపు వచ్చింది.

మంగళవారం పొద్దున్నే వెట్టి ఆదిమూలం గంపతో గడప ముందు నిలబడ్డాడు. ధనంజయ బస్సు హడావిడిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఎంతమంది సామీ మీ ఇంట్లో?"

"నలుగురం."

నోటి అలవాటు. రేషను కార్డు దగ్గర, పెళ్లి భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పిన మాటో... నాలిక మీద అట్లాగే ఉండిపోయింది. అనేశాక తెలిసింది. దిద్దుకుందామనుకునేలోపే పంకజాక్షి చేటలో బియ్యం తెచ్చింది. ఒక దోసెడు పోసింది. రెండో దోసెడు. మూడో దోసెడు...

ఆగింది. తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. ఏడాదిలో ఆమె అతన్ని అట్లా సూటిగా చూడడం అదే మొదటిసారి.

నాలుగో దోసెడు పోసి లోపలికి వెళ్లిపోయింది.

ఆదిమూలం వీధి మలుపు తిరిగేలోపు ధనంజయ పరిగెత్తుకుంటూ వెళ్లి పట్టుకున్నాడు. "ఒక దోసెడు ఎక్కువ పడిందప్పా. మేము ముగ్గురమే. తీసెయ్యి."

ఆదిమూలం గంపలోకి చూశాడు. "కలిసిపోయినాయి గదా సామీ. ఏ గింజ ఎవురిదని ఏరేది?" గొంతు తగ్గించి అడిగాడు — "ఆ నాలుగో మనిషి ఇప్పుడు యాడుండారు?"

రోజంతా ఏరడమే పనిగా బతికేవాడు ధనంజయ. గంపలో కలిసిపోయిన గింజల వైపు చూశాడు. బస్సు హారను వినిపిస్తే వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మొదలు మూడు రాత్రులూ అతను పెందలాడే ఇల్లు చేరాడు. ఇంట్లో ఒక్కటే మార్పు. పంకజాక్షి వీధి తలుపు గడియ వేయనివ్వడం లేదు. అతను వేసి వచ్చి పడుకుంటే, లేచి వెళ్లి తీసేసేది. దొంగల భయం సంగతి దేవుడెరుగు, ఎందుకని అతను అడగనే లేదు. ఒకరినొకరు ఏదైనా అడగడం వాళ్లు ఎప్పుడో మానేశారు.

శుక్రవారం మాత్రం ముహూర్తాల పని మీద పడింది. మూడు పెళ్లిపత్రికలు తెల్లారేసరికి కావాలన్నారు. ఆఖరి బస్సు పట్టుకుంటే అది రేణిగుంట దాటగానే టైరు పోయి కూలబడింది. చివరికి ఊరి మలుపులో అతన్ని దింపేసరికి పదకొండున్నర.

కండక్టరు మెట్టు మీంచి వంగి చెప్పాడు. "మోరీ తావ ఆగొద్దన్నా. బిరబిరా పో."

బస్సు వెలుగు పోయింది. చీకటి...

మలుపు నుంచి ఊళ్లోకి అర మైలు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. తన చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినిపిస్తోంది. ధనంజయ మామూలుగానే నడిచాడు. భయపడాలంటే లోపల కొంచెం ప్రాణం ఉండాలి కదా, అతనికి అదే లేదు.

మోరీ దగ్గరికొచ్చింది.

పిట్టగోడ పక్కన ఏదో తెల్లగా ఉంది. మేక అనుకున్నాడు. రెండడుగులు వేశాడు...

మేక కాదు. నిలబడి ఉంది.

అతను ఆగిపోయాడు. అది ఇటు తిరగలేదు. వంక అవతలి చీకట్లోకి, తిరుపతి వైపుకి మొహం పెట్టి ఉంది. ఎంతసేపో అట్లాగే... ఆ తర్వాత పిలిచింది.

"గంగాధరం..."

ధనంజయ ఒళ్లు జలదరించింది. అది భయమే. ఏడాదిగా రాయిలా ఉన్న మనిషికి భయం వేసింది. ఆ పేరు ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఒక్క ప్రాణికి కూడా తెలియదు. గొంతు ఆడగొంతే, కానీ బొంగురుగా, బీటలు వారినట్టు ఉంది. ఎన్నడూ విన్న గొంతు కాదు.

"గంగాధరం..."

ధనంజయ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గంగాధరం... రారా నాయనా. పొద్దుపోయింది."

మూడోసారి పిలిచి అది వంగింది. గోడ చాటున పెట్టిన లాంతరు ఎత్తింది. వెలుగు మొహం మీద పడింది.

పంకజాక్షి.

కట్టుకున్న పెళ్లాం గొంతు అతను పోల్చుకోలేకపోయాడు. విని ఏడు నెలలయింది మరి. సిగ్గుతో చచ్చిపోయాడు. "పంకజా, నువ్వా... ఈ రేత్రిలో..." అనబోయేంతలో ఆమె అరచెయ్యి అతని నోటి మీద పడింది. మాట్లాడకూడదు. ఇప్పుడు మాట్లాడకూడదు.

ఊరి వైపు తిరిగి నడవడం మొదలుపెట్టింది. కుడి చేతిలో లాంతరు. ఎడమ చెయ్యి కొంచెం కిందికి, పక్కకి, వేళ్లు సగం మూసి ఉన్నాయి. పంకజాక్షి నడకకు ధనంజయ ఎప్పుడూ వెనకబడేవాడు. ఆ రాత్రి ఆమె చిన్న చిన్న అడుగులు వేస్తోంది. నాలుగేళ్ల పిల్లవాడు ఎంత వేయగలడో అంతే. మధ్యలో ఒకసారి ఆగి, ఓపిగ్గా నిలబడి, మళ్లీ కదిలింది.

ఒకచోట గొట్టాల కోసం దారికి అడ్డంగా కాలువ తవ్వి వదిలేశారు. అక్కడ ఆమె ఎడమ చెయ్యి పైకి లేపి — పిల్లవాణ్ణి ఎత్తి దాటించినట్టు — అవతలికి అడుగేసింది. ఆ పక్కన ఉన్న ధనంజయ కుడి చెయ్యి దానంతట అదే చాపుకుంది. తిరుపతి సందుల్లో మురుగు కాలువలు దాటేటప్పుడు ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని వాణ్ణి ఊపుతూ దాటించేవాళ్లు. వాడు కిలకిలా నవ్వి, "మళ్లీ, మళ్లీ" అనేవాడు.

చేతిలో ఏమీ లేదు. అయినా ఇల్లు చేరేదాకా అతను ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కళ్ల నీళ్లు గడ్డం మీదుగా కారి చొక్కా తడిసింది. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

రుక్మిణమ్మ నిద్రపోతున్న పాపకు కాపలాగా అరుగు మీద కూర్చుని ఉంది. "వచ్చినావా నాయనా. ఇంత పొద్దయినా రాలేదని నిన్ను పిల్చుకోని వచ్చేదానికి పోయినట్టుండాది, మహాతల్లి" అంది. ఎవరూ మారు పలకలేదు. ఆమె విసుక్కుంటూ తన వాకిలికి వెళ్లిపోయింది.

పంకజాక్షి లోపలికి వచ్చి తలుపు వేసింది. గడియ పెట్టింది. అప్పుడు మాట్లాడింది.

"జాతర అయినాక పట్నం పోదామంటిరే..."

"ఊఁ."

"ఇంక పోలేము. వాడు ఈ ఊరోడయినాడు." గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఒకసారి వాణ్ణి ఒంటిగా ఇడిసిపెట్టి వచ్చేస్తిమి. మీరు నీళ్లు చూస్తిరి, గాలి చూస్తిరి. బిడ్డను ఆడ పెట్టి ఎట్ల వచ్చేది అని నన్ను ఒక మాట అడగలేదు. మళ్లా ఇడిసిపెట్టి యాడికి పోయేది?"

ధనంజయ తలొంచుకున్నాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఏడు నెలలుగా ఆమె నోరు కట్టేసింది చావు కాదు, తను ఎంచి ఎంచి చేయించిన ఈ ప్రయాణం. "పోవద్దులే" అన్నాడు. "ఈడనే ఉందాం." ఆ మాట అతను పెళ్లాం మనసు కోసం అన్నాడు. తోడుగా వచ్చిందెవరూ లేరని అతనికి తెలుసు. అలసిన మనసు, చీకటి దారి, అంతే అనుకున్నాడు.

పంకజాక్షి ఒత్తి తగ్గించి అటు పక్క ఒరిగింది. నిమిషంలో నిద్రపోయింది. పాప గోడ వైపు చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. ఇల్లంతా ఉక్క. ధనంజయ కూర్చునే ఉన్నాడు.

కాసేపటికి పాప మగతలో కదిలింది. కళ్లు తెరవకుండానే గొణిగింది.

"నాయనా... వీణ్ణి గోడ పక్కకి జరగమను. కాళ్లు సల్లగా ఉండాయి..."

పాప అటు తిరిగి మళ్లీ నిద్రలోకి జారుకుంది.

చాలాసేపటికి ధనంజయ లేచాడు. దండెం మీది దుప్పటి తీశాడు. పాపకూ గోడకూ మధ్య ఉన్న ఖాళీ మీద మెల్లిగా పరిచి వదిలాడు.

దుప్పటి చాప దాకా దిగలేదు.