కామాగారు చూసొచ్చిన ఇల్లు

ఆ వీధి చివరి ఇల్లు మంచిది కాదని అందరికీ తెలుసు. ఎందుకు మంచిది కాదో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. పాలు పోసే ఆయన్ని అడిగితే రాత్రిళ్లు లోపల ఎవరో దగ్గుతారన్నాడు. పక్కింటి ముసలాయన, అది దగ్గు కాదు నవ్వు అన్నాడు. మందుల షాపతను ఆడమనిషి అన్నాడు. వాళ్లావిడ, కాదు కాదు, మగాడే, టోపీ కూడా ఉంది అంది. మరి నువ్వు చూశావా అంటే... ఒక్కరూ చూడలేదు. వాళ్ల తోడల్లుడు చూశాడు. ఆ తోడల్లుడికి ఇంకెవరో చెప్పారు.

అలాంటి ఇంట్లో మూడు రాత్రులు కూర్చుని వచ్చిన మనిషి సంగతి ఇది. నేను విన్నది విన్నట్టే చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

ఆయన ఒక వారపత్రికలో దెయ్యాల పేజీ రాసేవాడు. ప్రెస్సులో వాళ్లంతా కామాగారు అనేవారు. వాక్యం మొదలుపెడితే ముగించడానికి ఆయనకి మనసొప్పదు. ఒక్క మాట కొట్టేయమంటే కన్నబిడ్డని ఎవరో ఎత్తుకుపోతున్నట్టు చూస్తాడు. రాసింది మళ్లీ చదువుకునే అలవాటూ లేదు. బాగుంటుందని ముందే తెలుసు కదా, చదవడమెందుకు!

పదకొండేళ్లుగా ఆ పేజీ ఆయనదే. ఇంట్లో ఆయన మాటకి విలువ ఉందంటే దానివల్లే. క్షౌరశాలలో కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టేది దానివల్లే. అది పోతే మిగిలేది యాభై రెండేళ్ల వయసూ, మెడనొప్పీ.

కొత్తగా వచ్చిన ఎడిటరమ్మ ఆయన్ని గదిలోకి పిలిచింది.

"మీ దెయ్యాలన్నీ అక్కచెల్లెళ్లా అండీ?"

"అంటే... మేడమ్?"

"అందరికీ తెల్లబట్టలే. అందరికీ విరబోసిన జుట్టే. గాలి ఎప్పుడూ ఉస్సురుమంటుంది. కుక్క ఎప్పుడూ ఏడుస్తుంది. నిజం చెప్పండి, ఒక్కసారైనా రాత్రిపూట ఖాళీ ఇంట్లో కూర్చున్నారా?"

"కూర్చోకుండానే వస్తోంది కదా మేడమ్..." అన్నాడు కామాగారు, కొంచెం గర్వంగానే.

ఎడిటరమ్మ నవ్వలేదు. "మూడు రాత్రులు కూర్చోండి. గోడ ఎలా ఉందో గోడ చూసి రాయండి. కిటికీ ఎలా ఉందో కిటికీ చూసి రాయండి. శుక్రవారం నోటుబుక్కు తెండి. అందులో చూసి రాసిన వాక్యాలు పది కనిపిస్తే పేజీ మీది. కనిపించకపోతే ఇంకొకరిది."

ఆ వీధి చివరి ఇంటి తాళాలు ఆయన బావమరిది దగ్గరున్నాయి. ఇళ్లు అద్దెకి ఇప్పించడం అతని పని. తాళాలు అడగ్గానే అతను బావగారిని ఎగాదిగా చూశాడు.

"బావా, అక్కయ్యతో గొడవేమైనా అయిందా?"

"లేదోయ్."

"మరి ఆ ఇంటికెందుకు?"

"చూడ్డానికి."

"అక్కడ చూడ్డానికేముంది?"

"అదే... ఏముందో చూద్దామని."

బావమరిది తాళాలిచ్చాడు. ఇచ్చిన చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు.

మొదటి రాత్రి. మేడ మీద గది. కిటికీ ముందు ఒక బల్ల, ఒక ముక్కాలి పీట. కామాగారు బ్యాటరీ దీపం వెలిగించి బల్ల మీద పెట్టాడు. నోటుబుక్కు తెరిచాడు. కూర్చున్నాడు.

ఇక చూడాలి.

చూసేలోపే పెన్ను కదిలిపోయింది. చీకటి గబ్బిలం రెక్కల్లా పరుచుకుంది అని రాశాడు. బూజు జలతారు తెరలా వేలాడుతోంది అని రాశాడు. నిజానికి బూజు లేదు. అద్దెకి ఎవరో చూడ్డానికొస్తారని బావమరిది ఆ వారమే గది దులిపించాడు. గుడ్లగూబ అరిచింది అని కూడా రాశాడు. అరవలేదు. మధ్యలో లైటు వెలుగుతుందేమోనని లేచి స్విచ్చు నొక్కితే అది లోపలికి దిగిపోయి మళ్లీ బయటికి రాలేదు. వచ్చి కూర్చుని, పన్లో పనిగా ఆ ముక్కా రాసుకున్నాడు.

రెండో రాత్రి. కుడి పేజీ రాస్తున్నాడు. ఉన్నట్టుండి — చర్... చర్... అని చిన్న చప్పుడు.

గోటితో కాగితం మీద గీసినట్టుంది. చాలా దగ్గర్లో.

కామాగారి పెన్ను ఆగింది. చప్పుడూ ఆగింది. పెన్ను కదిలింది... చర్... చర్...

ఎలుక అయ్యుంటుంది అనుకున్నాడు, అదే రాసేశాడు. తల ఎత్తి చూడొచ్చు. కానీ వాక్యం సగంలో ఉంది, ఎత్తితే తెగిపోతుంది. ఎత్తలేదు.

మూడో రాత్రి చలి లేదు, అయినా మెడ వెనక చల్లగా తగిలింది, ఆ ముక్కా రాసుకున్నాడు. ఒకసారి తగిలి ఊరుకోలేదు. తగులుతూ... ఆగుతూ... మళ్లీ తగులుతూ... ఎవరో ఊపిరి తీసి వదులుతున్నట్టు.

"ఎవరూ...?" అన్నాడు.

ఆ క్షణంలో వెనక్కి తిరిగి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. ఆయన తిరగలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మూసుకునే రాశాడు: దాని కళ్లు చింతనిప్పుల్లా మెరుస్తున్నాయి, దాని జుట్టు విరబోసుకుని ఉంది, దాని తెల్లబట్టలు గాలికి రెపరెపలాడుతున్నాయి... పదకొండేళ్లుగా రాస్తున్నదే కనక చెయ్యి దానంతటదే పోయింది. అలా తెల్లారేదాకా రాసి, నోటుబుక్కు చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. మనసు గాల్లో తేలుతోంది. నూట పన్నెండు పేజీలు! పదేమిటి, పది వందల వాక్యాలుంటాయి.

శుక్రవారం ఎడిటరమ్మ ముందు నోటుబుక్కు పెట్టాడు. ఆవిడ దాన్ని తెరవలేదు. సొరుగులోంచి ఒక ఉత్తరం తీసింది.

"పొద్దున వచ్చింది. ముందు ఇది వినండి. ఆ ఇంటికి ఎదురుగా మేడ మీద బట్టలు కుట్టే ఆవిడ రాసింది."

చదవడం మొదలుపెట్టింది.

"అమ్మా, నేను ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. మీ దెయ్యాల పేజీ వారం వారం చదువుతాను. ఆ రాసేవారు ఏదీ చూసి రాసినట్టుండదు, ఏమనుకోకండి. నేను మూడు రాత్రులుగా ఎదురింట్లో దెయ్యాన్ని చూస్తున్నాను. మా వీధి ఇరుకు, దీపం దాని ముందే ఉంది, అందుకని బాగా కనిపించింది. దానికి యాభై దాటి ఉంటాయి. కుడి భుజం ఎడమ భుజం కన్నా ఒక వేలు కిందికుంది. చొక్కాకి రెండో గుండీ ఇంకో చొక్కాది, కాస్త పెద్దది. కాలరు తిప్పి కుట్టారు. కుట్టినవాళ్లకి ఓపిక ఎక్కువ, చూపు తక్కువ..."

కామాగారి చెయ్యి తెలియకుండానే రెండో గుండీ మీదికి పోయింది. మొహం విప్పారింది. "మేడమ్! అది నేనే! వీధి వీధంతా నన్ను చూసి దెయ్యమనుకున్నారన్నమాట!"

"తెలుస్తూనే ఉంది," అంది ఎడిటరమ్మ, ఆయన కాలరు వంక చూసి. చదివింది. "మొదటి రాత్రి భయపడ్డాను. రెండో రాత్రికి జాలేసింది. పాపం, ఎంత రాస్తుందో! మూడు రాత్రుల్లో ఒక్కసారీ తలెత్తి కిటికీలోంచి చూడలేదు. నేను చెయ్యి ఊపాను కూడా."

కామాగారి నవ్వు ఆగిపోయింది.

ఎదురుగా ఒక మనిషి. మేలుకుని, మిషను ముందు కూర్చుని, మూడు రాత్రులు. చెయ్యి కూడా ఊపింది. తను చూడ్డానికి వెళ్లి ఆవిణ్ని చూడలేదు. ఆయనకి సిగ్గేసింది. పేజీ ఎవరికి పోతుందో ఆ ఉత్తరం సగంలోనే అర్థమైపోయింది.

"ఇంకా ఉంది," అంది ఎడిటరమ్మ.

"దాని వెనక నిలబడినావిడ గురించి మాత్రం నాకు రాయడం చేతకావట్లేదు. బాగా పొడుగు మనిషి. మెడ నుంచి నేల దాకా ఒకటే అంగీ, చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. మూడు రాత్రులూ వెతికాను. భుజం దగ్గర లేదు, చంక కింద లేదు, అంచున లేదు... ఆ అంగీకి ఎక్కడా కుట్టు లేదు. కుట్టకుండా గుడ్డకి చేతులెలా వస్తాయమ్మా? ఆ కూర్చున్నది కుడి పేజీ రాస్తుంటే, ఈవిడ భుజం మీంచి వంగి ఎడమ పేజీ చదువుతుంది. చదువుతూ వేలితో గీతలు గీస్తుంది."

ఎడిటరమ్మ ఉత్తరం మడిచి పక్కన పెట్టింది.

"నిద్రమత్తులో రాసుంటుంది లెండి," అని ఎడిటరమ్మ నోటుబుక్కు తెరిచింది. ఒక పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. కనుబొమలు పైకి లేచాయి.

గబ్బిలం రెక్కల మీద గీత. జలతారు తెర మీద గీత. గుడ్లగూబ మీద గీత. చింతనిప్పులు, విరబోసిన జుట్టు, తెల్లబట్టలు — వరసపెట్టి గీతలు, సన్నగా, తిన్నగా. పేజీలకి పేజీలు కొట్టేసి ఉన్నాయి. మధ్యలో అక్కడక్కడ ఒక్కో వాక్యం మిగిలింది. స్విచ్చు లోపలికి దిగిపోయి మళ్లీ బయటికి రాలేదు. ఎలుక అయ్యుంటుంది. మెడ వెనక చల్లగా ఉంది.

ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టింది. "పద్నాలుగు! పది అడిగితే పద్నాలుగున్నాయి. ఎంత బాగున్నాయండీ ఇవి! మొత్తానికి కొట్టేయడం నేర్చుకున్నారు. పేజీ మీదే."

"నేను... కొట్టలేదు మేడమ్."

"మరెవరు కొట్టారు?"

ఆయన నోటుబుక్కు తనవైపు లాక్కుని చివరి పేజీ తీశాడు. ఆ పేజీ ఆ ఇంట్లో రాసింది కాదు. ఆ రోజు పొద్దున్నే, తన సొంత ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర, పక్కన భార్య గిన్నెలు సర్దుతుండగా ముగింపుగా రాసుకున్నది. ఒక్కటే వాక్యం. ఆ ఇల్లు నా గుండెల్లో తాళం వేసుకుని కూర్చుంది, అని.

దాని మీదా గీత ఉంది.

ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు. కానీ పదకొండేళ్లు రాసిన మనిషి కదా, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. మిగతావంటే సరే. ఇదేం పాపం చేసింది? ఇంత మంచి వాక్యాన్ని కొట్టేయడానికి చేతులెలా వచ్చాయి! జేబులోంచి పెన్ను తీసి, ఆ వాక్యం పక్కన, కాగితం చిరిగేంత గట్టిగా, 'ఉంచాలి' అని రాశాడు.

పెన్ను తీసేశాడు. ఎడిటరమ్మ చూస్తోంది. ఆయనా చూస్తున్నాడు, ఈసారి కళ్లు తెరుచుకునే.

'ఉంచాలి' మీద, ఎడమ నుంచి కుడికి, నెమ్మదిగా గీత పడింది.