నరసింగరావు నేర్చుకున్న కట్టు

“కళ్ళు వాళ్ళ మీద పెట్టండి నరసింగరావు గారూ,” అంది డాక్టర్ నసీమా మళ్ళీ. “గోడ మీద ఏముందని?”

గోడ మీద ఏమీ లేదు. అందుకే నరసింగరావు అటు చూస్తున్నాడు. ఎదురుగా అద్దాల గదిలో, ఒసాకా నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన నడివయసు శిష్యురాలి చేతులు వెనక్కి పెట్టి జనపనార తాడుతో కడుతున్నాడు. ఆమె ఒంటినిండా నూలు బట్టలే ఉన్నాయి. అయినా మన నరసింగరావు చెవులు ఎర్రబడ్డాయి. విశాఖ పోర్టులో రోబో క్రేన్లను సైతం గడగడలాడించే ఈ సూపర్‌వైజరు, షిబారి అనే జపాన్ కట్టు నేర్చుకోవడానికి, అదీ ఒక ఆడ డాక్టరు ముందు కూర్చోవలసి వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

ఆయన నెత్తిన ఉన్నది మిర్రర్ క్యాప్. దాని సంగతి తేలికే. ఎవరైనా పని చేస్తుంటే చూసినప్పుడు, ఆ పని మనమే చేస్తున్నట్టు మెదడులో కొన్ని న్యూరాన్లు కదులుతాయి. మామూలుగా ఆ కదలిక కాసేపట్లో చెరిగిపోతుంది. క్యాప్ దాన్ని పెంచి, చెరగకుండా ఒంటికి పట్టిస్తుంది. అందుకే విశాఖలో ఇప్పుడు ఎవరూ దేన్నీ ఏళ్ళ తరబడి నేర్చుకోవడం లేదు. నిన్న చూసినవాడు ఇవాళ మృదంగం వాయిస్తున్నాడు. పక్కింటివాళ్ళు భరిస్తున్నారు.

“ఇంతకీ ఈ విద్యే ఎందుకండీ?”

“మా ఆవిడ అడిగింది మేడమ్,” అన్నాడు నేలకేసి చూస్తూ. “పెళ్ళయ్యాక నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. కాదంటే ఇంకెప్పుడూ ఏదీ అడగదేమోనని భయం.”

“అయితే ఆయన చేతులే కాదు, ఆమె మొహం, వేళ్ళు కూడా చూడండి. కట్టేవాడు చూపు తిప్పకూడదు. వేళ్ళ రంగు మారితే వెంటనే వదులు చెయ్యాలి.”

నరసింగరావు తాడు చూశాడు, ముడి చూశాడు. ఆమె మొహం కనబడబోయినప్పుడల్లా మాత్రం మెడ గిరుక్కున తిప్పేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన భార్య సువర్చల మంచం మీద కూర్చుని చేతులు వెనక్కి పెట్టింది. ఆవిడ మొహంలో సిగ్గూ సంతోషమూ కలిసే ఉన్నాయి. ఆయన మాత్రం చూడలేదు. తాడు పట్టుకోగానే చేతులు చకచకా కదిలాయి, తల పక్కకి తిరిగిపోయింది. ఎంత ప్రయత్నించినా మెడ ఇటు రాలేదు. కట్టు మాత్రం పెద్దాయన కట్టినంత అందంగా కుదురుతోంది.

“ఏవండీ, ఆపండి. వేళ్ళు తిమ్మిరెక్కాయి.”

ఆయన కంగారుగా తడుముకుంటూ ముడులు విప్పాడు. తాడు కింద పడేశాకే మెడ స్వాధీనంలోకి వచ్చింది. సువర్చల వేళ్ళు నీలంగా ఉన్నాయి. ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

“చూస్తూ మీరేం చేశారో అది కూడా క్యాప్ నేర్పేసిందండీ,” అంది నసీమా. “చెరపడం కుదరదు. తాడు ముట్టుకుంటే మెడ తిరుగుతుంది. తాడు వదిలేస్తే మామూలే.”

ఫోన్ పెట్టేశాక సువర్చల వేళ్ళు రుద్దుకుంది.

“బీచ్ రోడ్డులో ఆ జపాన్ వాళ్ళ ప్రదర్శన చూశానండీ,” అంది మెల్లగా. “కట్టినంతసేపూ ఆ పెద్దాయన ఆవిడ మీంచి చూపు తిప్పలేదు. నాకు తాడు మీద మోజేం లేదు. మీరూ నన్నట్లా చూస్తారని అడిగాను.”

“పాడు మెషీన్,” అన్నాడు నరసింగరావు.

“దాన్ననకండి, పాపం. తాడు లేనప్పుడు మాత్రం మీరెప్పుడు చూశారు?”

ఆయన ఇప్పుడైనా చూద్దామనే అనుకున్నాడు, అడ్డం వచ్చేందుకు ఏ యంత్రమూ లేదు. కానీ ఇన్నేళ్ళ సిగ్గు ఒక్కసారిగా మొహం మీదికొచ్చి పడింది.

“తిమ్మిరి తగ్గిందా?” అని అడిగాడు, చేతిలో ఉన్న ఫోన్ వంక చూస్తూ.